నవలలు - పాఠకుల తగవులు

మా గ్రామ గ్రంథాలయములో విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు' ప్రతి యొకటి కలదు. అట్ట చినిగిపోగా మరల కుట్టించినారు. దాని యంచులయందు పెన్సిలుతో వ్రాసిన వ్రాతలను నేను చిన్ననాటనే చూచితిని. ఒక చేతివ్రాత గ్రంథకర్తను మెచ్చుకొనుచు, గుడి పాడైన యూరు తానును పాడగునని సమర్థించుచున్నది. దానిక్రిందనే మఱియొక చేతివ్రాత, ఆ గుడిలోనికి రానీయని వారి మాట యేమని యడుగుచున్నది. మొదటివారు మరల సమాధానము చెప్పిరి. పుస్తకములపై వ్రాయరాదని గోడమీద పెద్దయక్షరములతో నున్నను, ఈ వాదము పదిపుటలవఱకు సాగినది. ఆ యిద్దఱెవరో నేటికిని నాకు తెలియదు. ఒకరికొకరు తెలియుదురో లేదో అదియు నెఱుగను.

అయ్యలారా, మీలోను ఇట్టి తగవు లాడినవారుందురు. క్రొత్త నవల యింటికి వచ్చినపుడు పిల్లలు మెచ్చుట, పెద్దలు విసుగుకొనుట నేడు పుట్టిన విషయము కాదు. మన భాషలో నవల పుట్టిననాడే పాఠకుల తగవును పుట్టినది. ఆ మాటకు వచ్చిన, 'నవల' యను పేరే తగవునుండి వచ్చినదని చెప్పవచ్చును.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 'రాజశేఖర చరిత్రము'ను 1878లో తమ వివేకవర్ధని పత్రికయందు ప్రకటింప నారంభించిరి. 1880లో అది పుస్తకముగా వెలువడెను. ధవళేశ్వరమున సుఖముగా నున్న యొక గృహస్థు ముఖస్తుతి చేయువారిని నమ్మి, బంగారము చేసెదమన్నవారిని నమ్మి, ఉన్నదంతయు పోగొట్టుకొని కుటుంబముతో దారిబట్టుట అందలి కథ. గోల్డుస్మిత్తు వ్రాసిన యాంగ్ల కథను మొదట తెలుగుచేయబోయి, అది మన యాచారములకు కుదురదని మానివేసి, స్వతంత్రముగా వ్రాసితినని పంతులుగారు చెప్పుకొనిరి. దానికాయన పెట్టిన పేరు వచన ప్రబంధము. ప్రబంధమనగా మనవారికి వసుచరిత్రమో మనుచరిత్రమో తోచును. రాజును వర్ణింపక, అప్సరసను వర్ణింపక, అప్పులపాలైన సంసారిని వర్ణించిన గ్రంథమునకు ఆ పేరు చెల్లునా యని పండితులు సందేహించిరన్న వింత యేమి?

కాశీభట్ట బ్రహ్మయ్య శాస్త్రిగారు ఈ గ్రంథమును విమర్శించుచు విపులముగా వ్రాసిరి. ఆయన సంఘసంస్కరణ విషయములలో పంతులుగారి పక్షము వారు కారు. వైదికధర్మము నిలువవలెనని వాదించిన పండితులు. అట్టివారే ఈ క్రొత్త రచనకు 'నవల' యను పేరు పెట్టిరని మన సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు. నవమైనదానిని గ్రహించునది నవల యని సంస్కృత వ్యుత్పత్తియు చూపించిరట. ఆంగ్లపదపు ధ్వని యెట్లున్నదో అట్లే యుండి, అర్థము సంస్కృతము కావడము పండితుని చమత్కారము. గ్రంథకర్త పెట్టిన పేరు నిలువలేదు. ఎదిరిపక్షమువారు పెట్టిన పేరే నేడు చిన్నపిల్లలకును తెలియును. ఒక పాఠకుడు గ్రంథమును శ్రద్ధగా చదివి యొప్పుకొనకపోవుటవలన భాషకు కలిగిన లాభమిది. ఆ గ్రంథమే 1887లో ఆంగ్లమునకు తర్జుమా యయి లండనులో అచ్చుపడెను. ఇంటిలో తగవు జరుగుచుండగా వస్తువు పరదేశము చేరినది!

దీనికంటె తీవ్రమైన తగవు ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'ని గూర్చి నడచినది. ఆయన గుంటూరులో న్యాయవాది. స్వాతంత్ర్యోద్యమమున జైలునకు పోయి, అక్కడ ఈ నవలను రచించిరి. 1922లో అది వెలువడినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పీఠిక వ్రాసిరి. మాలపల్లెలోని రామదాసు అనెడి భక్తుడు, ఆయన కుమారులు, ఊరి ఆసామి చౌదరయ్య, ఆ యాసామి కుమారుడు రామానాయుడు - వీరిచుట్టును కథ తిరుగును. పాలేళ్ల కూలి, పంచములకు దేవుని యందుగల యధికారము, భూమి గలవానికిని చేయువానికిని నడుమనుండు న్యాయము ఇందలి విషయములు. సంగదాసు చౌదరయ్య చేతిదెబ్బకు ప్రాణము విడుచును. ఆ ఘట్టమును అరుగుమీద చదివించుకొని వినునపుడు ఆసామియు పాలేరును ఒక్కచోట కూర్చుండి వినగలుగుదురా? వినినను ఒక్క తీరుగా వినగలుగుదురా? భక్తిభాగము నచ్చినవారికి తిరుగుబాటు నచ్చలేదు. తిరుగుబాటు నచ్చినవారికి భజనలును వేదాంతమును దీర్ఘముగా తోచినవి. నాకును కొన్నిచోట్ల దీర్ఘముగనే తోచినవని దాచనేల? భాషనుగూర్చి వేఱొక వివాదము. పాత్రలు పల్లెవాడుకలోనే మాటాడును. ఆ నాటికే గిడుగు రామమూర్తి పంతులుగారి వ్యావహారికవాదము దేశమంతట నలిగినది. కథ బాగున్నదనుచునే భాష బాగులేదనినవారును, భాషకొఱకే చదివినవారును కలరు. గ్రాంథికమున మాటాడుచు నేనిది చెప్పుట చూచి మీరు నవ్వుకొనవచ్చును.

ఇంతవఱకు ఇది పాఠకుల వాదము. పిమ్మట ప్రభుత్వమును ఒక పాఠకుడుగా వచ్చినది. చెన్నపురి ప్రభుత్వమువారు ఈ నవలను నిషేధించిరి. శాసనసభలో ప్రశ్నలు లేచినవి. కొన్ని భాగములను సవరించిన పిదప 1928లో అనుమతి లభించెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దానిని పాఠ్యగ్రంథముగ నుంచగా, 1936లో మరల నిషేధము వచ్చెను. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము దానిని తొలగించెను. కాశీభట్టవారు పంతులుగారి పుస్తకమున దోషములు చూపిరి. కాని యెవరి చేతినుండియు దానిని లాగికొనలేదు. వారి విమర్శ చదివినవారు మూలమును తెచ్చుకొని యిద్దఱిలో నెవరిది న్యాయమో తేల్చుకొనగలిగిరి. మాలపల్లి విషయమున ఆ యవకాశమే పోయినది. అచ్చుపడిన పుస్తకమును బాహాటముగా చదువ వీలులేనప్పుడు, అది దీర్ఘమో హ్రస్వమో, భజనలెక్కువో తక్కువో చెప్పుకొనుట యెట్లు? నిషేధము వలన పుస్తకమునకు కీర్తి పెరిగెనని కొందఱు సంతోషింతురు. ఆ కీర్తి చదువనివారి నడుమ పెరిగిన కీర్తి. నా మట్టునకు నేను దానిని లాభముగా లెక్కింపను.

చలముగారి 'మైదానము' 1927 నాటిది. భర్తను విడిచి వేఱొక మతస్థునితో పోయిన స్త్రీ తన కథ తానే చెప్పును. దానిని మెచ్చినవారును తిట్టినవారును పరస్పరము ముఖములు చూచుకొనని దినములు కలవు. ఇంటిలో స్త్రీలకు కనబడనీయక దాచి, తాము మాత్రము రెండుమారులు చదివిన పెద్దలను నేనెఱుగుదును. వారి యభిప్రాయమేమో వారు చెప్పలేదు.

ఇక 1934 సంగతి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు నవలలపోటీ పెట్టగా, న్యాయనిర్ణేతలు ఒక్కదానిని తేల్చలేదు. విశ్వనాథవారి వేయిపడగలకును, అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'కును బహుమానమును పంచియిచ్చిరి. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఒకటి సుబ్బన్నపేటలో పడగ వెంబడి పడగ క్షీణించుచు, తరతరముల వ్యవస్థ కూలుటను శోకించును. కడకు దాంపత్యమను రెండు పడగలే మిగులును. రెండవది గోదావరీమండలపు విద్యావంతుడైన యువకుడు జమీందారు కుమార్తెను పెండ్లాడి, ఆమె మనస్సు తనవైపునకు మరలువఱకు ఓపికపట్టుటను, దేశసేవ చేయుటను చెప్పును. ఒకరి చూపు పోయినదానిపై, ఒకరి చూపు రానున్నదానిపై. పండితులే పంచుకొన్న తీర్పును మన రచ్చబండ దగ్గఱ ఒక్కపూటలో తేల్చుట యెట్లు? వేయిపడగలను తర్వాత పి.వి. నరసింహారావుగారు హిందీలోనికి 'సహస్రఫణ్' అను పేర తెచ్చిరి. అక్కడను ఎవరో ఎవరితోనో వాదించియే యుందురు.

నా సంగతి యందురా? యౌవనమున నారాయణరావు నచ్చినది. దానిలోని చిత్రకారుని కన్ను, సంగీతము, స్నేహములు నాకు హాయి గొలిపినవి. వేయిపడగలను అప్పుడు సగములో మూసితిని. నలువదియేండ్లు దాటినపిమ్మట మా చెఱువు పూడి, గుడిమాన్యము అన్యాక్రాంతమైన తర్వాత తెఱచితిని. ఈసారి కడవఱకు చదివితిని. అయినను పెన్సిలుతో ఆ రెండవవారడిగిన ప్రశ్నకు నాకు సమాధానము దొరకలేదు. మా గ్రంథాలయములో నాతోకూడ కూర్చుండు మిత్రుడు, ఆ ప్రశ్నకు సమాధానము మాలపల్లిలో నున్నదనును. అది వేఱొక నవల, ఈ గ్రంథకర్తను అడిగిన ప్రశ్నకు ఆయనయే చెప్పవలెనని నేననుచున్నాను. వచ్చు ఆదివారమునాడు మరల కూర్చుండవలెనని యనుకొన్నాము.