గెలిచిన రాత్రి వాదన: కూపరేజ్ మైదానం నుంచి జకార్తా దాకా

ఓడిన ఆట గురించి మా పెద్దలు ఎక్కువ మాట్లాడేవాళ్లు కాదు. "పోనీ తియ్" అని పడుకునేవాళ్లు. గెలిచిన రాత్రి మాత్రం చాల్‌లో ఎవరికీ నిద్ర పట్టేది కాదు. గెలిచింది మనవాళ్లే కదా, మరి తగువు దేనికి అని ఆడవాళ్లు విసుక్కునేవాళ్లు. ఎవడి కాళ్లు బరువెక్కాయి, ఎవణ్ణి పక్కన పెట్టాల్సింది, ఎవణ్ణి ఏ చోట ఆడించాల్సింది అన్నది తేలాలి కదా అని మగవాళ్ల జవాబు. ఈసారి మా కుటుంబ చరిత్రలో ఆ వాదనల సంగతి రాసుకుందామనిపించింది.

ముంబైలో తెలుగువాళ్ల కథ కట్టడం పనులతో, మిల్లులతో మొదలవుతుంది. నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ ఊరికి రాళ్లు మోసిన కామాటీల పేరు మీదే కామాటిపురా వెలిసింది. తర్వాత మగ్గాలు వదిలి వచ్చిన పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి చాల్‌లలో స్థిరపడి బట్టల మిల్లుల్లో చేరారు. మేము ఆ రెండో గుంపువాళ్లం. ఊరితో సంబంధం పెళ్లిళ్లకూ చావులకూ మాత్రమే మిగిలింది. అలాంటి మాకు ఏడాదికోసారి ఊరే నడిచి వచ్చినట్టుండేది, హైదరాబాద్ జట్టు రోవర్స్ కప్పు ఆడటానికి వచ్చినప్పుడు.

రోవర్స్ కప్పు 1891లో మొదలైంది. చాలా ఏళ్లు అది తెల్ల సిపాయిల జట్ల సొత్తే. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు గెలిచి ఆ గోడ పగలగొట్టింది, మరుసటి ఏడూ మళ్లీ గెలిచింది. ఆ తర్వాత 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆ కప్పు పట్టుకుపోయింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసినవాడు. అందరూ రహీం సాబ్ అనేవాళ్లు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకం వచ్చింది ఆయన శిక్షణలోనే.

చర్చిగేట్ దాకా లోకల్లో వెళ్లి, అక్కణ్ణుంచి కూపరేజ్‌కు నడిచి, తిరుగు దారంతా వాదించుకుంటూ వచ్చేవాళ్లట మా తాతలు. "గెల్చినం గని, గా లెఫ్ట్ దిక్కు ఆడినోడు ఇయ్యాల ఉరికిండా అసలు?" అని ఒకరంటే, "బాలు అందకుంటె ఆడేం జేస్తడే బావా?" అని ఇంకొకరు. మిల్లులో పన్నెండు మగ్గాల మధ్య నోరు విప్పడానికి లేని మనుషులు వాళ్లు. ఆట దగ్గర మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో కోచ్.

ఇంతకన్నా చిక్కు సంతోష్ ట్రోఫీతో వచ్చింది. 1956లో హైదరాబాద్ రాష్ట్ర జట్టు ఆ ట్రోఫీ గెలిచింది, 1957లోనూ గెలిచింది. రెండుసార్లూ ఫైనల్లో ఓడింది బొంబాయే. పుట్టిన నేల గెలిచింది, అన్నం పెట్టిన నేల ఓడింది. పక్క గదుల మరాఠీ మిత్రుల ముందు గట్టిగా సంబరపడలేక, మనసులో ఆపుకోలేక మావాళ్లు నలిగిపోయారు. అందుకే కాబోలు, మనవాళ్ల తప్పులు వెతకడం మొదలుపెట్టారు. గెలిచినవాడే తన జట్టును తిడుతుంటే ఓడినవాడికి కాస్త ఊరట కదా!

ఇక్కడ నేటి పిల్లలకు ఒక మాట చెప్పాలి. ఆట మధ్యలో అలసినవాణ్ణి బయటికి పిలిచి కొత్తవాణ్ణి దింపే అలవాటు ఆ రోజుల్లో లేదు. ప్రపంచ కప్పులోనే అది 1970లో గానీ రాలేదు. కాబట్టి కోచ్ తెలివంతా ఆటకు ముందే తేలాలి. ఎవరు ఆడాలి, ఎక్కడ ఆడాలి, ఎవరు కూర్చోవాలి? తప్పు జరిగితే దిద్దుకునే వీలు లేదు.

దీనికి 1962 జకార్తా ఆసియా క్రీడలను మించిన ఉదాహరణ లేదు. మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. తర్వాత థాయ్‌లాండ్ మీద 4–1తో గెలిచింది గానీ, వెనక కోటగోడలా నిలబడే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతను లేకుండానే జపాన్ మీద 2–0తో గెలిచారు. గెలిచిన జట్టును కదపకూడదని ఎవరైనా అంటారు. రహీం సాబ్ కదిపాడు. సెమీఫైనల్‌కు జర్నైల్‌ను తిరిగి తెచ్చి, వెనక కాకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. కాలేజీ రోజుల్లో అతను ముందు వరసలో ఆడాడని ఆయనకు తెలుసు. వెనక జర్నైల్ చోటును అరుణ్ ఘోష్ కాశాడు. దక్షిణ వియత్నాం మీద 3–2తో గెలిచారు, ఒక గోల్ జర్నైల్‌దే.

మళ్లీ గెలుపు, మళ్లీ మార్పు. సెమీఫైనల్లో గోల్ కాసిన ప్రద్యుత్ బర్మన్‌ను ఫైనల్లో కూర్చోబెట్టి, జ్వరం నుంచి లేచిన పీటర్ తంగరాజ్‌ను దింపాడు. తంగరాజ్ మన హైదరాబాద్‌లో పుట్టినవాడు, ఆరడుగులు దాటిన మనిషి. కొరియా వాళ్లు పైనుంచి వేసే బంతులకు ఆ ఎత్తు కావాలనుకున్నాడు కోచ్.

సెప్టెంబర్ 4న ఫైనల్. అప్పటికి జకార్తా జనం మన మీద మండిపడుతున్నారు. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను క్రీడలకు రానివ్వలేదని మన దేశపు క్రీడాధికారి ఒకాయన తప్పుపట్టడమే కారణం. అంత పెద్ద స్టేడియంలో మనవైపు అరిచినవాళ్లలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారు! పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. చివర్లో కొరియా ఒకటి కొట్టినా 2–1తో బంగారం మనదే అయింది. ఆ పదకొండు మందిలో తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం మన జంటనగరాలవాళ్లు. చంద్రశేఖర్, ఫ్రాంకో బొంబాయి క్లబ్బుల్లో ఆడేవాళ్లు, అంటే కూపరేజ్‌లో మేము చూసిన మొహాలే. ఈసారి పుట్టిన నేల, అన్నం పెట్టిన నేల ఒకే జట్టులో ఆడాయి.

అయినా వాదన ఆగలేదు. "గోల్‌కీపర్‌ను మార్చుడు న్యాయమేనా? సెమీస్ గెలిపించినోడు ఏం పాపం జేసిండు?" అని మా పెద్దనాయన చాలా ఏళ్ల తర్వాత కూడా అడిగేవాడు. మా చిన్నతాత జవాబు ఒక్కటే: "న్యాయం ఏరు, ఆట ఏరు." ఈ రెండు మాటల్లో ఏది సరైనదో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. పతకం వచ్చింది కాబట్టి మార్పు సరైనదే అయిందని అందరం అంటాం. ఆ ఒక్క బంతి తంగరాజ్ చేతుల్లోంచి జారి ఉంటే? రహీం సాబ్ గొప్పతనం పతకంలో మాత్రమే లేదు. గెలుపు చూసి మురిసిపోకుండా, రేపటి ఆటకు ఏం కావాలో చూడటంలో ఉంది.

ఆ గెలుపు తర్వాత ఏడాది తిరక్కముందే, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయాడు. సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లవాడు తులసీదాస్ బలరాం అనారోగ్యంతో ముప్ఫై నిండకుండానే ఆట వదిలేశాడు. కలకత్తా వైపే స్థిరపడి, 2023లో అక్కడే కన్నుమూశాడు. మనలాగే అతనూ వలస వెళ్లినవాడే. రోవర్స్ కప్పు కూడా ఈ శతాబ్దం మొదట్లోనే ఆగిపోయింది.

ఇప్పుడు మా పిల్లలు అర్ధరాత్రి దాకా మేలుకొని ఇంగ్లండ్ క్లబ్బుల ఆట చూస్తారు. గెలిచాక "అరవయ్యో నిమిషంలోనే వాణ్ణి మార్చాల్సింది" అని కొట్టుకుంటారు. వింటుంటే మాకు నవ్వొస్తుంది, గొంతులు మా తాతలవే అనిపిస్తుంది. ఆ వాదనలోకి ఒక్కసారైనా బలరాం పేరు, బర్మన్ పేరు వస్తే బాగుండు. మీ ఇళ్లల్లో కూపరేజ్ చూసిన పెద్దలు ఇంకా ఉంటే, ఎవరు గెలిచారని కాదు, ఎవరిని ఆడించాల్సిందని అడగండి. వాళ్లు చెప్పేది రాసి పెట్టుకోండి.