సీడీ4 కథ

సీడీ4 అన్న మాట మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వారికి హెచ్‌ఐవీ పరీక్షల చీటీల ద్వారా తెలిసింది. కాబట్టి అదేదో జబ్బు పేరని ఇప్పటికీ కొందరనుకుంటారు. నిజానికది ప్రతి మనిషి ఒంట్లోనూ ఉండవలసిన వస్తువే. దాని చరిత్ర నేను చదివి తెలుసుకున్నంత మేరకు సభ్యుల ముందుంచుతున్నాను.

ఛాతీ ఎముక వెనుక థైమస్ అనే చిన్న గ్రంథి ఉంది. చాలాకాలం దానివల్ల పెద్ద ఉపయోగం లేదనుకున్నారు. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుకలకు దానిని తీసివేసి చూడగా, వాటికి రోగాలను తట్టుకునే శక్తి పోయింది. రోగాలతో పోరాడే టి కణాలు తయారయ్యే చోటు అదేనని క్రమంగా తేలింది.

ఎముక మజ్జ నుండి థైమస్‌కు చేరిన లేత కణం పైన మొదట సీడీ4 ఉండదు, సీడీ8 ఉండదు. శత్రువును గుర్తించే గ్రాహకంలో ముందు ఒక సగం తయారవుతుంది. అది సరిగా కుదిరితేనే కణం ముందుకు సాగుతుంది. అప్పుడు సీడీ4, సీడీ8 రెండూ పైకి వస్తాయి. గ్రాహకం పూర్తయ్యాక మరో పరీక్ష. సొంత శరీరపు గుర్తులను పోల్చుకోవాలి, కానీ సొంత శరీరం మీద తిరగబడకూడదు. మన ప్రొబేషన్ దీని ముందు ఏపాటి! నూటికి తొంభైకి పైగా కణాలు ఇక్కడే రాలిపోతాయి. నెగ్గినవి రెండింటిలో ఒకటే ఉంచుకుంటాయి. సీడీ4 ఉన్నవి మిగతా కణాలకు సహాయకులు, సీడీ8 ఉన్నవి రోగం సోకిన కణాలను చంపేవి.

1983లో పారిస్‌లో ఎయిడ్స్ వైరస్‌ను కనుగొన్నారు. అది కణంలోకి దూరే ద్వారం సీడీ4 అని 1984లో తెలిసింది. అందుకే ఆ కణాలను లెక్కబెట్టడం మొదలైంది. మన దేశంలో 1986లో మద్రాసులో హెచ్‌ఐవీ బయటపడింది. 2004 ఏప్రిల్ 1న ఉచిత మందులు ప్రారంభించిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మొదట్లో లెక్క 200కు పడిపోయిన వారికే మందులు ముఖ్యంగా ఇచ్చేవారు. 2017 నుండి లెక్కతో నిమిత్తం లేకుండా అందరికీ ఇస్తున్నారు.

హైవే మీది ఊళ్లు కావడంతో మనవాళ్లు నిందంతా లారీ డ్రైవర్ల మీద వేశారు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో, జబ్బుతో పోయిన సహోద్యోగి భార్య పింఛను కాగితాలకు వస్తే, ఆమెకు వేరే గ్లాసులో నీళ్లిచ్చారు. గ్లాసు వల్ల అంటదని శాస్త్రం అప్పటికే చెప్పింది. ఆమె ఆ నీళ్లు తాగకుండానే వెళ్లిపోయింది.

మందులు క్రమంగా వాడి, వైరస్ పరీక్షకు అందనంత తగ్గిన మనిషి నుండి లైంగికంగా ఇతరులకు సోకదని ఇప్పుడు రుజువైంది. వివక్షను నిషేధించే చట్టం 2018 సెప్టెంబరు నుండి అమలులో ఉంది. మన ఇళ్లలో, వీధుల్లో అలాంటివారుంటే వారికి మన గ్లాసులోనే మంచినీళ్లిద్దాం. మందు మానవద్దని చెబుదాం.