చింతామణి గుట్టల్లో ఒక అరవ రాయి

పోయిన నెలే రాస్తామని చెప్పినాము, మోకాలి నొప్పి వల్ల ఆలస్యమైంది. ముందే ఒక మాట. ఈ వ్యాసంలో చివర వచ్చే గుడి ఏ ఊరిలో ఉందో రాయడం లేదు. దయచేసి కామెంట్లలో అడగవద్దు, ఫోన్ చేసి కూడా అడగవద్దు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

పోయినది మేము ఇద్దరం. మా స్నేహితుడు గార్డుగా రిటైర్ అయినవాడు, బంగారుపేట మనిషి, చదువంతా కన్నడంలో. మేము గూడ్స్ ఆఫీసులో గుమాస్తా, చదువంతా అరవంలో. ఇద్దరికీ ఇంట్లో మాట తెలుగు. అంటే ఇద్దరం కలిస్తే మాట్లాడేది తెలుగు, చదివేది ఒకరికి కన్నడ అక్షరం, ఇంకొకరికి అరవ అక్షరం. తెలుగు అక్షరాలు మేము నేర్చుకున్నది రిటైర్ అయిన తర్వాత, మన సంఘం హాలులో ఆదివారం తరగతిలో పిల్లల పక్కన కూర్చొని. తప్పులుంటే మన్నించండి.

రైలులోనే పోవాలని పట్టుబట్టినాము. బంగారుపేట నుంచి కోలారు, చింతామణి, చిక్కబళ్ళాపురం మీదుగా యలహంక దాకా ఒకప్పుడు చిన్న లైను ఉండేది. పట్టాల నడుమ రెండున్నర అడుగులే. మైసూరు మహారాజుల కాలంలో, 1913 నుంచి కొంచెం కొంచెంగా తెరిచినారు. ఆ బండి ఎంత మెల్లగా పోయేదంటే దిగి చెట్టు కింద చింతకాయ ఏరుకొని మళ్ళీ ఎక్కవచ్చు అని మా సీనియర్లు చెప్పేవాళ్ళు. కోలారు, చిక్కబళ్ళాపురం నడుమ పెద్ద లైను పని ముగిసింది 2013లో. నంది హాల్ట్ స్టేషను మటుకు ఆ పాత కాలం కట్టడమే, ఇప్పుడు బాగుచేసి పెట్టినారు. మేము దిగి ముందు స్టేషను చూసినాము, తర్వాతే దేవుడు. రైల్వే వాళ్ళ బుద్ధి అంతే.

నంది ఊరిలో, కొండ కింద, భోగనందీశ్వరుడి గుడి. ఇక్కడ శివాలయం ఉన్నట్టు 806 నాటి శాసనంలోనే ఉంది. రాష్ట్రకూట మూడో గోవిందుడి కాలం అది. అప్పటి నుంచి నొలంబులు, బాణులు, చోళులు, హొయసళులు, విజయనగరం వాళ్ళు, వచ్చినవాళ్ళందరూ ఏదో ఒకటి చేర్చినారు. ఉత్తరం పక్క భోగనందీశ్వరుడు, దక్షిణం పక్క అరుణాచలేశ్వరుడు, నడుమ ఉమామహేశ్వరుడు. అరుణాచలేశ్వరుడు అనగానే మనకు తిరువణ్ణామలై గుర్తుకు వస్తుంది కదా, మాకు కూడా అక్కడే నిలబడిపోయి చేతులు జోడించాలనిపించింది. గోడల్లో రాతిని తొలిచిన కిటికీలు ఉన్నాయి, ఒక కిటికీలో నటరాజు ఆడుతుంటాడు, ఒకదానిలో దున్నపోతు తల మీద దుర్గమ్మ నిలబడి ఉంటుంది. కేంద్ర పురావస్తు శాఖ వాళ్ళ చేతిలో ఉంది కాబట్టి గడ్డి కత్తిరించి, బోర్డు పెట్టి, చక్కగా ఉంచినారు. ఆదివారమైతే ఫోటో తీసుకునే జనం వల్ల కోనేటి మెట్లు కనబడవు.

కొండ మీద యోగనందీశ్వరుడు. దాన్ని గురించి అందరూ రాసినారు, వదిలేస్తాము. కానీ ఒక సంగతి మన వాళ్ళు తెలుసుకోవాలి. మన వేలూరు, ఆంబూరు, వాణియంబాడి పక్క ఇసుక తప్ప ఏమీ కనబడని పాలారు పుట్టేది ఈ నంది కొండల పక్కనే. తిరుక్కోవిలూరు పోయే పెన్నారు ఇక్కడిదే. నెల్లూరు పోయే పెన్న కూడా ఇక్కడిదే. బాగేపల్లి పక్కన పారే చిత్రావతి, ఇంకా పాపఘ్ని కూడా ఈ కొండల బిడ్డలే. ఇన్ని నదులు పుట్టే తావులో ఏ ఒక్క నదిలోనూ ఏడాది పొడుగునా నీళ్ళు లేవు. అందుకే ఇక్కడ రాజులు, పాళెగాళ్ళు, ఊరి పెద్దలు అందరూ చెరువులు తవ్వించినారు. గుడి కట్టితే పక్కన చెరువు, చెరువు కింద గుడికి మాన్యం. ఈ లెక్క మనసులో పెట్టుకోండి, చివర పనికివస్తుంది.

బాగేపల్లిలో ఎక్కువ సేపు ఉండలేదు. గుమ్మనాయకనపాళ్యం కోట ఎక్కాలని ఆశ ఉండింది, మోకాలు ఒప్పుకోలేదు. గడిదం వెంకటరమణస్వామిని చూసి వచ్చినాము. బస్టాండులో కాఫీ తాగేటప్పుడు చుట్టూ అంతా తెలుగే, బోర్డులన్నీ కన్నడమే. 2025 జూలైలో కర్ణాటక మంత్రివర్గం నంది కొండ మీదే కూర్చొని బాగేపల్లికి భాగ్యనగర అని పేరు మార్చాలని నిర్ణయించింది. కాఫీ అంగడివాణ్ణి అడిగితే, "పేరు ఏమైతేనేం సామీ, పల్లి అంటే చిన్న ఊరని అనుకుంటారంట" అన్నాడు. దీని మీద మా స్నేహితుడికి ఒక అభిప్రాయం, మాకు ఒక అభిప్రాయం. చింతామణి చేరే దాకా వాదించుకున్నాము. మా అభిప్రాయం ఏమంటే, పల్లి అని ఉండడంలో చిన్నతనమేమీ లేదు. తిరుచిరాపల్లిని ఎవరూ చిన్న ఊరనరు.

చింతామణి పక్కన కైవారం. బకాసురుణ్ణి భీముడు చంపిన ఏకచక్రపురం ఇదే అని అక్కడివాళ్ళ నమ్మకం, భీమలింగేశ్వరుడి గుడి కూడా ఉంది. కానీ మేము పోయింది తాతయ్య కోసం. కైవారం నారాయణప్ప తాతయ్య. గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగి, తర్వాత యోగి అయినాడు. 1726లో పుట్టి 110 ఏళ్ళు బతికినాడని అక్కడివాళ్ళు చెప్తారు. అమరనారేయణ శతకం, కాలజ్ఞానం అన్నీ తెలుగులో చెప్పినాడు. అంగడిలో పుస్తకం అడిగితే ఇచ్చినారు. తెరిస్తే తెలుగు పద్యాలు, కన్నడ అక్షరాలు. మా స్నేహితుడు గడగడా చదువుతుంటే మేము అర్థం చెప్పుకుంటూ పోయినాము. మా తాత దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. పెళ్ళి పాటలు, రాముడి పాటలు, అన్నీ తెలుగువే, అరవ అక్షరాలతో రాసుకున్నాడు. మన సభ్యుల్లో చాలామంది ఇళ్ళల్లో అలాంటి నోటుబుక్కులు ఉండి ఉంటాయి. మాది ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో పాటు పోయింది. వేసింది మేమే, ఇంకెవరో కాదు. ఆ అంగడిలో నిలబడినప్పుడు ఆ సంగతి గుర్తుకు వచ్చి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. బి. ఎల్. రైస్ అనే ఆయన మైసూరు రాజ్యంలోని శాసనాలన్నీ నకలు తీయించి ఎపిగ్రాఫియా కర్ణాటికా అని సంపుటాలుగా వేసినాడు. పదో సంపుటం కోలారు జిల్లాది, 1905లో వచ్చింది. చిక్కబళ్ళాపురం అప్పుడు కోలారులోనే ఉండేది, వేరే జిల్లా అయింది 2007లో. మా స్నేహితుడు ఆ సంపుటం ఫోన్‌లో పెట్టుకున్నాడు. అందులో చింతామణి తాలూకాలో కన్నడ శాసనాలు, తెలుగు శాసనాలు, మీకు ఆశ్చర్యంగా ఉంటుంది, అరవ శాసనాలు కూడా లెక్కపెట్టలేనన్ని. చోళులు వెయ్యేళ్ళ కిందట ఈ సీమను గెలిచి నిగరిలిచోళ మండలం అని పేరు పెట్టినారు. ఇప్పుడు అరవం చదివేవాడు ఒక్కడూ లేని ఊళ్ళలో అరవ రాళ్ళు నిలబడి ఉన్నాయి.

అందులో ఒక ఊరి శాసనాన్ని వెతుక్కుంటూ ఆటోలో పోయినాము. ఊరి చివర గొర్రెలు మేపుకునే పెద్దాయన ఒకాయన ఎదురైనాడు. "యాడికి పోతుండారు సామీ?" అన్నాడు. చెప్పినాము. మమ్మల్ని పైనుంచి కింది దాకా చూసి, చేతిలో పార గానీ గడ్డపార గానీ లేదని తెలుసుకున్నాక, "రాండి, గొర్రెలు అటుపక్కే తోలుకోనిపోవాల" అని ముందు నడిచినాడు.

గుట్ట వెనక రెండు మైళ్ళు. సీతాఫలం పొదలు, తంగేడు, బండరాళ్ళు. పెద్దాయన చెప్పులు లేకుండా నడుస్తున్నాడు, మేము బాటా బూట్లు వేసుకొని జారుతున్నాము. గుడి చిన్నదే. గర్భగుడి, ముందర నాలుగు కంబాల మంటపం. పైకప్పు మీద రావిచెట్టు మొలిచి వేళ్ళు రాళ్ళ సందుల్లో దిగినాయి. లోపల లింగం లేదు. పానవట్టం మూలకు తోసి ఉంది, లింగం ఉండవలసిన చోట మనిషి దిగేంత గుంత. నంది బయట ఉంది, తల విరిగి. నంది కింద ఇంకొక గుంత. శాసనం రాయి లేదు. 1905లో గుడి ముందర ఉందని అచ్చువేసిన రాయి అది. పెద్దాయనను అడిగితే, చిన్నప్పుడు చూసినానని, గుప్తం ఉందని ఎవరో చెప్పగా రాత్రిళ్ళు తవ్వినవాళ్ళు దాన్ని పగలగొట్టినారని చెప్పినాడు. ముక్కలు కూడా చూపించినాడు. ఒక ముక్క మీద చంద్రుడి బొమ్మ సగం ఉంది. సూర్యచంద్రులు ఉన్నంత వరకు ఈ దానం నిలవాలని శాసనాల తలకట్టు మీద చెక్కుతారు కదా, ఆ చంద్రుడు.

ఈ నిధి పిచ్చి గురించి కొంచెం చెప్పాలి. గుడి కింద బంగారం ఉంటుందని జనం నమ్మకం. గుడి కట్టేటప్పుడు గర్భన్యాసం అని చిన్న పాత్రలో నవధాన్యాలు, లోహం తునకలు, రత్నం తునకలు వేసి పెట్టేది నిజమే. పిడికెడు ఉంటుంది. గుడి ఆస్తి ఎప్పుడూ భూమి కింద లేదు, భూమే ఆస్తి. ముందు చెప్పినాము కదా, చెరువు, దాని కింద మాన్యం. ఆ మాన్యం ఎవరిచ్చినారు, ఎల్లలేవి, సాక్షులెవరు, అన్నీ రాసింది ఆ రాతి మీదే. మా గూడ్స్ ఆఫీసులో ఇన్వాయిస్ ఎలాగో, గుడికి శాసనం అలాగ. చివర శాపం కూడా రాస్తారు, దీన్ని చెరిపినవాడు గంగ ఒడ్డున ఆవును చంపిన పాపంలో పోతాడని. అంటే నిధి ఎక్కడుందో చెప్పే కాగితాన్ని చింపేసి నిధి కోసం తవ్వినట్టు. 1878లోనే తెల్లవాళ్ళు చట్టం చేసినారు, పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని. రాత్రి తవ్వేవాడికి కలెక్టరు ఎందుకు?

తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన ఒక వేపచెట్టు కింద ఆగి, చెప్పులు తీయమన్నాడు. అక్కడ నడుము ఎత్తు రాయి, పసుపు కుంకుమ, ఆరిన నూనె. వీరగల్లు. మన చెంగం పక్క నడుగల్ అంటారే, అదే. కింది వరుసలో వీరుడు కత్తి పట్టుకొని, పక్కన ఆవులు. నడుమ వరుసలో అచ్చరలు ఇద్దరు అతణ్ణి చేతులు పట్టి పైకి తీసుకొని పోతున్నారు. పైన లింగం ముందర కూర్చొని ఉన్నాడు. మా స్నేహితుడు వరుసల నడుమ అక్షరాలు చూసి, "కన్నడం కాదు, నాకు రాదు" అన్నాడు. పెద్దాయనను అడిగి, నూనె మీద ఆటోవాడు తెచ్చిన నీళ్ళు పోసి, మెత్తటి గుడ్డతో తుడిచినాము.

అరవం. చోళుల కాలం అక్షరం, పొట్టు పెట్టలేదు, కొన్ని గీతలు వేరే. మాకు అన్నీ రాలేదు. కానీ బడిలో వాధ్యారు బెత్తంతో నేర్పిన అక్షరం ఎక్కడికి పోతుంది? ఒక చోట 'తొఱు' దొరికింది. మన తెలుగులో ఇప్పుడు ఎవరూ వాడని బండిఱ అరవంలో ఇంకా ఉంది, దాన్ని పట్టుకొనే చదివినాము. తర్వాత 'మీట్టు'. తర్వాత 'పట్టాన్'. మందను విడిపించి పడ్డాడు. పేరు ఉండవలసిన చోట రాయి అరిగిపోయింది.

తొఱు అంటే ఆవుల మంద. కన్నడంలో తురు అంటారని మా స్నేహితుడు చెప్పినాడు. ఆ కాలంలో పక్క నాటివాళ్ళు వచ్చి మందలు తోలుకొనిపోవడం, ఊరివాళ్ళు వెంటపడి విడిపించుకోవడం, అందులో చనిపోవడం మామూలు. చనిపోయినవాడి ఇంటివాళ్ళకు భూమి ఇచ్చేవాళ్ళు. కన్నడంలో నెత్తరుగొడగె, అరవంలో ఉదిరప్పట్టి, రెండిటికీ నెత్తురు మాన్యం అనే అర్థం. మన రైల్వేలో డ్యూటీలో పోయినవాడి కొడుక్కి కంపాషనేట్ గ్రౌండ్స్ మీద ఉద్యోగం ఇస్తారు కదా, వెయ్యేళ్ళ కిందటే ఉంది ఆ రూలు.

"ఏమని ఉండాది సామీ?" అని పెద్దాయన అడిగినాడు. చెప్పినాము. "గొర్రెలా?" అన్నాడు. ఆవులు అన్నాము. "ఏదైతేనేం, మందే కదా" అని రాయి వైపు చూస్తూ నిలబడినాడు. తన తాత, తండ్రి, తాను అందరూ ఆ రాయికి నూనె పెట్టినారు. ఎందుకు పెడుతున్నామో ఎవరూ చెప్పలేదంట.

మొక్కిన రాయి నిలిచింది, రాసిన రాయి పోయింది. కానీ ఈ రాయి కూడా ఎన్నాళ్ళు? అధికారులకు తెలుపుదామని మేము అన్నాము. పెద్దాయన ముఖం మారిపోయింది. పోయినసారి గుంత పడినప్పుడు ముందు పిలిపించి రెండు రోజులు కూర్చోబెట్టింది ఆయననేనంట, అడవిలో తిరిగేది ఆయన కాబట్టి. "నా పేరు యాడా రావద్దు సామీ" అన్నాడు. చెప్పకపోతే రాయి పోతుంది, చెప్తే ఈయన చిక్కుల్లో పడతాడు. ఆటోలో కూర్చొని మేము ఇద్దరం దీని గురించే మాట్లాడుకున్నాము. చివరికి ఏం చేసినామంటే, ఆయన ప్రస్తావన లేకుండా, సంపుటం చూసి మేమే పోయినట్టు, రాయి ఉన్న చోటు ఫోటోలతో సహా రాష్ట్ర పురావస్తు శాఖకు రిజిస్టర్డ్ పోస్టులో రాసినాము. బెంగళూరులో మిథిక్ సొసైటీ వాళ్ళు శాసనాలను త్రీడీలో స్కాన్ చేసి పెడుతున్నారు, వాళ్ళకు కూడా రాసినాము. రాయి పోయినా అక్షరం మిగులుతుంది. జవాబులు ఇంకా రాలేదు. ఇదే కారణం ఊరి పేరు రాయకపోవడానికి. ఈ వ్యాసం ఎవరెవరి ఫోన్లకు పోతుందో మనకు తెలియదు.

ఊరికి తిరిగి వచ్చాక పెద్దాయన ఇంట్లో మజ్జిగ ఇచ్చినారు. మనవరాలు ఆరో తరగతి, కన్నడ బడి. రాయి మీద ఉన్నది ఒక కాగితం మీద రాసి ఇమ్మని పెద్దాయన అడిగినాడు. మేము అరవం చదివి తెలుగులో చెప్తే, మా స్నేహితుడు కన్నడ అక్షరాలతో రాసినాడు. ఆ పాప గుమ్మంలో నిలబడి పెద్దగా చదివింది, "మందను విడిపించి పడ్డాడు" అని. పెద్దాయన ఇంకొకసారి చదవమన్నాడు. చదివింది. కాగితం మడిచి దేవుడి పటం వెనక పెట్టి, కర్ర తీసుకొని, "పొద్దు వాలింది, గొర్రెలు తోలుకోనిరావాల" అని వెళ్ళిపోయినాడు.