పాత ఇంటికి అదనపు గది నిర్మాణం

నివాసమున్న పాత ఇంటిని పడగొట్టకుండా, దానిని ఆనుకొని గాని దానిపైన గాని కొత్తగా గది, వంటిల్లు, స్నానాలగది వంటివి కట్టుకోవడాన్ని అదనపు నిర్మాణం అంటారు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో మట్టితో గాని సున్నంతో గాని కట్టిన పాత ఇళ్ళకు కాంక్రీటు గదులను చేర్చడం సర్వసాధారణం. వేర్వేరు కాలాలలో, వేర్వేరు సామగ్రితో కట్టిన రెండు భాగాలు ఒకే విధంగా కుంగవు, ఒకే విధంగా కదలవు. అందువలన కొత్త భాగం బరువును పాత గోడపై మోపకుండా, దాని పునాదిపై అదే నిలిచేటట్లు కట్టడం ఈ పనిలో ముఖ్య సూత్రం.

నేపథ్యం

కోస్తా జిల్లాలలోని మండువా లోగిళ్ళు, రాయలసీమలోని మట్టిమిద్దెలు, తెలంగాణలోని గూనపెంకుల ఇళ్ళు ఈ కోవకు చెందుతాయి. వీటిలో మరుగుదొడ్డి, స్నానాలగది తరచుగా పెరట్లో విడిగా ఉండేవి. కుటుంబం పెరగడం, అన్నదమ్ముల పంపకాలు, వృద్ధులకు అందుబాటులో వసతులు కావలసి రావడం అదనపు నిర్మాణానికి ప్రధాన కారణాలు.

పాత గోడపై బరువు

బెంగళూరు పెంకుల కప్పు చదరపు మీటరుకు సుమారు 65 కిలోల బరువు ఉంటుంది. 12 సెంటీమీటర్ల మందం గల కాంక్రీటు శ్లాబు చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు ఉంటుంది. అంటే 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల చిన్న గదికి కూడా శ్లాబు బరువే 3 టన్నులు దాటుతుంది. పెంకుల కోసం కట్టిన మట్టిగోడపై శ్లాబు గాని, మేడ గాని వేయడం ప్రమాదకరం. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో వచ్చిన భూకంపంలో బరువైన మట్టికప్పులు, మట్టితో పేర్చిన రాతిగోడలు గల ఇళ్ళు కూలి వేలమంది మరణించారు.

పునాది

పాత ఇంటి కింది నేల దశాబ్దాల బరువుకు అణగి స్థిరపడి ఉంటుంది. కొత్త పునాది కింది నేల అప్పుడే అణగడం మొదలవుతుంది. ఈ తేడా వలననే రెండు గోడలు కలిసేచోట నిలువు బీట ఏర్పడుతుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకొనే నల్లరేగడి నేలలో ఈ సమస్య మరింత ఎక్కువ.

పాత పునాదిని ఆనుకొని దానికంటె లోతుగా తవ్వితే దాని కింది మట్టి జారి పాత గోడ ఒరిగిపోవచ్చు. కనుక ముందుగా ఒకచోట చిన్న గుంట తీసి పాత పునాది లోతును తెలుసుకోవాలి. ఆ తరువాత కొద్ది కొద్ది పొడవున తవ్వి, వెంటనే కట్టుకుంటూ పోవాలి. వర్షాకాలంలో గుంటలను తెరిచి ఉంచరాదు.

సంధి

పాత గోడలో ఇటుకలు ఊడదీసి కొత్త గోడను అందులో దూర్చి కట్టే అలవాటు ఉన్నది. దీనివలన ఒక భాగం కుంగితే రెండవదానిని కూడా లాగుతుంది. రెండింటి మధ్య సన్నని ఖాళీ వదలి, మెత్తని పదార్థంతో నింపి, పైన పట్టీతో కప్పడం మేలు. ఆ పట్టీని ఒక పక్క గోడకే బిగించాలి. రాకపోకలకు పాత గోడలో ద్వారం తెరిచేటప్పుడు, పైభాగానికి ఆధారాలు నిలబెట్టి, లింటలు అమర్చిన తరువాతనే కింది గోడను తొలగించాలి.

కప్పు, తేమ

చూరు నుండి జారే నీరు కొత్త గోడకు, పాత గోడకు మధ్యకు చేరకూడదు. శ్లాబును చూరు కంటె దిగువగా ఉంచి, వాలును పాత ఇంటికి ఎదురు దిశలో ఇవ్వాలి. పాత మట్టిగోడకు, సున్నపు గోడకు సిమెంటు పూత పూస్తే లోపలి తేమ బయటికి పోలేక గోడ గుల్లబారుతుంది. వీటికి సున్నపు పూతయే తగినది.

అనుమతులు

గ్రామ పంచాయతీ లేదా పురపాలక సంఘం నిబంధనల ప్రకారం అనుమతి పొందాలి. ఇల్లు ఉమ్మడి ఆస్తి అయినపుడు భాగస్తుల సమ్మతిని, ఉమ్మడి గోడ ఉన్నపుడు పొరుగువారి సమ్మతిని వ్రాతపూర్వకంగా తీసుకొనడం మంచిది. మేస్త్రీ అనుభవం ఎంత ఉన్నా, పాత గోడను తొలిచే ముందు ఇంజనీరు చేత పరీక్ష చేయించాలి.

ఇవి కూడా చూడండి

మండువా ఇల్లు
సున్నం
నల్లరేగడి నేల
పునాది