అత్తయ్యగారి గదిలో ఏసీ

మే నెల కరెంటు బిల్లు చూసి మావారు ఏసీ మెకానిక్‌ని పిలిచారు. అతను గ్యాసు చూశాడు, ఫిల్టరు కడిగాడు, "మిషన్‌కేం లేదండీ, మీ స్లాబే కాలిపోతోంది" అని వెళ్ళిపోయాడు. ఆ రోజే ఇంకో సంగతి తెలిసింది. బిల్లు ఎక్కువొస్తుందని అత్తయ్యగారు మేం పడుకున్నాక ఏసీ కట్టేసి, చెమటలో తెల్లవార్లూ మేలుకునే ఉంటున్నారట. ఆవిడకి 78 ఏళ్ళు.

ఆవిడ కాపురానికొచ్చినప్పుడు ఈ స్థలంలోనే మండువా లోగిలి ఉండేది. మూరెడు మందం మట్టిగోడలు. చుట్టూ వసారాలు ఉండటంతో ఎండ గోడని నేరుగా తాకేదే కాదు. వేడిగాలి మండువాలోంచి పైకి పోయేది. పైన మంగుళూరు పెంకు. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో పెట్టిన ఫ్యాక్టరీతో మొదలైన రకం అది. ఆ పెంకుల సందుల్లోంచి కూడా గాలి ఆడేది.

అలాగని పాత ఇల్లు స్వర్గమని నేననను. వంటింట్లో పొగ, చీకటి, తేళ్ళు. కోతులు గెంతితే పెంకులు పగలడం, వానొస్తే గిన్నెలు పెట్టడం. ఆ చాకిరీ అంతా ఆడవాళ్ళదే. అందుకే 1998లో నేనే పోరి పోరి స్లాబు వేయించాను.

స్లాబు పొద్దున్నుంచీ ఎండ తాగుతుంది. తాగిందంతా సాయంత్రం నుంచి గదిలోకి వదులుతుంది. కొన్ని గోడలు నాలుగున్నర అంగుళాలే. పడమటి కిటికీకి అద్దం పెట్టించాం, పైన సన్‌షేడ్ జానెడు. తలుపు కింద వేలు దూరేంత సందు. ఏసీ చల్లబరిచింది చల్లబరిచినట్టే పోతోంది.

మేం కట్టినప్పుడు ఇవన్నీ చెప్పిన మేస్త్రీ లేడు. ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. 2007లో వచ్చిన నియమావళి పెద్ద పెద్ద వ్యాపార భవనాల కోసం. ఇళ్ళ గోడలూ కిటికీలూ ఎలా ఉండాలో చెప్పే 'ఎకో నివాస్ సంహిత' 2018లో గానీ రాలేదు. పైకప్పుల వేడి తగ్గించడానికి తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది 2023లో. అప్పటికి మన ఇళ్ళన్నీ లేచిపోయాయి.

ఆదివారం మేడ మీద తెల్లసున్నం వేయిస్తున్నాం. పడమటి కిటికీకి బయటివైపు వెదురు తడిక కట్టించమన్నది అత్తయ్యగారే. ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక కర్టెన్ వేసి లాభమేముందన్నారు. ఏసీ రిమోట్ మాత్రం ఇప్పుడు నా తలగడ కింద ఉంటోంది.