క్యాసెట్టు కాలపు ‘గీతాంజలి’

ఉక్కు కర్మాగారం వల్ల నేడు పేరు వినిపిస్తున్న నగర్‌నార్, బస్తర్‌లోని జగ్దల్‌పూర్‌కు చేరువన, హల్బీ, భత్రీ భాషలు పలికే నేలపై ఉన్నప్పటికీ, ఆ ప్రాంతానికి తెలుగుతో గల సంబంధం కర్మాగారం కన్నా ఎంతో పాతది. ఓరుగల్లు పతనానంతరం కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు వచ్చి బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడని అక్కడి రాజవంశ సంప్రదాయం చెబుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ ముడిని ఇనుప ఖనిజం మళ్లీ బిగించింది: బస్తర్‌లోని బైలడిల్లా కొండల ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960లలో నిర్మించిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం తూర్పు కనుమలను దాటి జగ్దల్‌పూర్‌ను విశాఖపట్నంతో కలిపింది. ఆంధ్ర దేశానికి దూరంగా ఇటువంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగువారికి సినిమా పాట సొంత ఆస్తి కావడానికి క్యాసెట్టు రావలసి వచ్చింది.

క్యాసెట్టుపై వచ్చే పాటల సంపుటిని ఆల్బమ్ అంటాం గాని, సంగీతంలో ఆ మాట మొదట పాటలకు కాక, రికార్డులను దాచే అట్టకు వర్తించింది. పక్కకు మూడు నాలుగు నిమిషాలకు మించి పట్టని 78 ఆర్‌పీఎం రికార్డులను ఛాయాచిత్రాల పుస్తకంలా కుట్టిన సంచుల్లో భద్రపరిచేవారు. 1948లో ఒకే పళ్లెంపై ఎన్నో పాటలు పట్టే ఎల్‌పీ వచ్చాక కూడా పాత పేరే నిలిచింది. 1963లో ఫిలిప్స్ సంస్థ ప్రవేశపెట్టిన క్యాసెట్టు భారతదేశంలో 1980లలో ఇంటింటికీ చేరింది. రేడియో తనకు వీలైనప్పుడు పాడుతుంది, గ్రామఫోను కొనడం అందరి తరమూ కాదు. క్యాసెట్టు మాత్రం బ్యాటరీలతో, కరెంటు లేని చోట సైతం, వినేవాడు కోరిన వేళ పాడింది. అంతకంటే ముఖ్యంగా, టేపులో ఒక పాట నుంచి మరొక పాటకు గెంతడం కష్టం గనుక, శ్రోత పాటలను కూర్చిన వరుసలోనే వినేవాడు.

ఈ అలవాటు బలంగా ఉన్న రోజుల్లోనే, 1989లో, మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఏకైక చిత్రం ‘గీతాంజలి’ విడుదలైంది. పాటలన్నీ వేటూరి సుందరరామమూర్తివి, సంగీతం ఇళయరాజాది, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఎస్. జానకి, కె.ఎస్. చిత్ర పాడారు. మరణం నిశ్చయమని తెలిసిన ఇద్దరు యువతీయువకుల కథ కావడంతో, ఈ సంపుటిలో అల్లరి పాట పక్కనే లాలిపాట, వలపు పక్కనే విషాదం చేరినా, అన్నిటి వెనుకా కాలం తరిగిపోతోందన్న ఒకే స్పృహ ఉంటుంది. ఒక యుగళగీతంలోనైతే గుండె చప్పుడే తాళమైంది. పలు కవుల పాటలను ఒకచోట చేర్చిన చిత్రాలకు సాధారణంగా దక్కని ఏకత దీనికి దక్కడానికి కారణం ఒకే కవి, ఒకే స్వరకర్త, ఒకే భావం. ఇళయరాజా వయొలిన్ల గుంపును పాటకు తోడుగా మాత్రమే కాక, మాటలు ఆగిన చోట కథను చెప్పే గొంతుగా వాడడం ఆ ఏకతను మరింత గట్టిపరిచింది. దీని ఆకర్షణను కేవలం యౌవన జ్ఞాపకంగా కొట్టివేయడం సరికాదు, ఎందుకంటే ఆ యౌవనంతో ఏ సంబంధమూ లేని తమిళ శ్రోతలు కూడా అనువాద రూపంలో దీన్ని అంతే ప్రేమగా స్వీకరించారు.

అయినా జ్ఞాపకానికీ తన వంతు ఉంది. 1989లో ఇరవై ఏళ్లున్నవారికి, 2023లో నగర్‌నార్ కర్మాగారం నుంచి మొదటి ద్రవ ఇనుము వెలువడేనాటికి యాభై నాలుగు నిండాయి. ఫోను ఆ పాటలను ఏ వరుసలో వినిపించినా, ఒకటి ముగిసిన మరుక్షణమే, పాత టేపులో దాని తర్వాత వచ్చే పాట తొలి స్వరాలు వారి చెవిలో ముందుగా మోగుతాయి.