గుఱ్ఱములకు పడిశము, నగరములకు స్తంభనము

1872వ సంవత్సరము అక్టోబరు, నవంబరు మాసములలో ఉత్తర అమెరికాలోని పెద్ద నగరములు ఒకటి తరువాత ఒకటి స్తంభించిపోయినవి. యుద్ధము లేదు, వరద లేదు, పనివారి సమ్మె లేదు. రైళ్ళు ఎప్పటివలెనే వచ్చుచుండెను. ఓడలు రేవులకు చేరుచుండెను. కాని రైలు దింపిన సరకు స్టేషనులోను, ఓడ దింపిన సరకు రేవులోను కుప్పలుగా పడియుండెను. వానిని ఊరిలోనికి చేర్చవలసిన గుఱ్ఱములు సాలలలో తలలు వ్రేలవేసి దగ్గుచుండెను.

ఆవిరి యంత్రము వచ్చిన తరువాత గుఱ్ఱముతో పని తగ్గియుండునని సామాన్యముగా తలంతుము. జరిగినది దీనికి విరుద్ధము. రైలు ఎంత ఎక్కువ సరకు తెచ్చినచో, దానిని స్టేషను నుండి అంగడికి, అంగడి నుండి ఇంటికి చేర్చుటకు అంత ఎక్కువ బండ్లు కావలసివచ్చినవి. 1870 నాటి లెక్కల ప్రకారము అమెరికా సంయుక్త రాష్ట్రములలో వ్యవసాయ క్షేత్రములందలి గుఱ్ఱములే 70 లక్షలకు మించియుండెను. నగరములలోని గుఱ్ఱములు వీనికి అదనము. ఒకప్పుడు మన పట్టణములలో రైలు దిగినవారికి జట్కాబండి ఎంత అవసరమో పెద్దలకు తెలియును. అయినను ఆ పోలిక చాలదు. న్యూయార్కు, బోస్టను వంటి నగరములలో పాలు, బొగ్గు, మంచుగడ్డ, టపా, చెత్త, చివరకు నిప్పార్పు యంత్రము కూడ గుఱ్ఱము లాగవలసినదే. పట్టాలపై నడచు ట్రాములను సైతము గుఱ్ఱములే లాగుచుండెను. కాలువలలోని పడవలను గట్టుమీద నడచుచు లాగునవి కూడ గుఱ్ఱములు, కంచరగాడిదలే.

వ్యాధి మొదట కనబడినది కెనడా దేశమున టొరాంటో నగరమునకు సమీపముననున్న పల్లెలలో. సెప్టెంబరు చివర అక్కడి పచ్చిక బయళ్ళలోని గుఱ్ఱములు జబ్బుపడినవి. అక్టోబరు మొదటి దినములలో వ్యాధి నగరము ప్రవేశించెను. టొరాంటోలో పశువైద్య కళాశాలను నెలకొల్పిన ఆండ్రూ స్మిత్ దానిని మొట్టమొదట చూచినవారిలో ఒకడు. గుఱ్ఱము ఉన్నట్లుండి మేత మానును. ఒడలు కాలును. గరగరమను పొడి దగ్గు పుట్టును. ఒకటి రెండు దినములలో ముక్కు నుండి చీమిడి కారును. ఇది మనుష్యులకు వచ్చు ఇన్‌ఫ్లుయెంజాను పోలియున్నదని ఆనాటి వైద్యులు గ్రహించిరి. ప్రజలు మాత్రము దీనిని ‘ఎపిజూటిక్’ అనిరి. పశువులలో వ్యాపించు మారి అని ఆ మాటకు అర్థము.

అక్టోబరు మూడవ వారము నాటికి వ్యాధి సరిహద్దు దాటి న్యూయార్కు, బోస్టను నగరములలో కనబడెను. నెలాఖరుకు దక్షిణముగా వాషింగ్టను చేరెను. నవంబరులో న్యూ ఆర్లియన్స్, డిసెంబరులో సముద్రము దాటి క్యూబా ద్వీపము, 1873 వసంత ఋతువులో పసిఫిక్ తీరమునగల శాన్ ఫ్రాన్సిస్కో దాని పాలబడినవి.

ఇక్కడ విద్యార్థులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఈ వ్యాధి వలన చనిపోయిన గుఱ్ఱములు చాలచోట్ల నూటికి ఒకటి రెండు మాత్రమే. కొన్నిచోట్ల పది వరకు పోయినవి. ఇంత తక్కువ మరణములు గల వ్యాధి ఒక ఖండమును ఎట్లు నిలిపివేయగలిగెను? ఒక ట్రాము కంపెనీకి 500 గుఱ్ఱములున్నవనుకొనుడు. వానిలో ఏడాది పొడవున అప్పుడొకటి అప్పుడొకటి జబ్బుపడినచో ఎవరికిని తెలియదు. ఒకే పక్షములో 450 పడుకొన్నచో, అవి అన్నియు తరువాత కోలుకొన్నను, ఆ పక్షము దినములు ట్రాము నడవదు. ఎన్ని చనిపోయినవను లెక్క వేరు, ఒకేసారి ఎన్ని పనికి రాకుండ పోయినవను లెక్క వేరు. మారిరోగముల చరిత్రలో ఈ రెండవ లెక్కను చాలమంది మరతురు.

గుఱ్ఱముల యజమానులు ఏమి చేసిరి? యజమానులనగా అందరు ఒక తరగతివారు కారు. ట్రాము కంపెనీలు వందలకొలది గుఱ్ఱములను ఒకే కప్పు క్రింద, ప్రక్కప్రక్కన కట్టియుంచుచుండెను. గాలి సరిగా ఆడదు. నీటి తొట్టి ఒక్కటే. ఒక గుఱ్ఱము దగ్గినచో ఆ తుంపరలు వరుస అంతటిమీద పడును. అట్టి సాలలో వ్యాధి ప్రవేశించినప్పుడు కొలది దినములలో అన్నియు జబ్బుపడుట ఆశ్చర్యము కాదు. ఇక రెండవ తరగతివారు ఒక గుఱ్ఱము, ఒక బండి గల పేద బండివారు. గుఱ్ఱము నిలిచిన దినమున వీరి పొయ్యి వెలుగదు.

ఇద్దరి ముందును నిలిచిన ప్రశ్న ఒక్కటే: దగ్గుచున్న గుఱ్ఱమును బండికి కట్టవలెనా, సాలలో ఉంచవలెనా? వ్యాధి తేలికగా కనబడుటయే ఇక్కడ ప్రమాదమైనది. జ్వరము తగ్గి గుఱ్ఱము మేత తినగానే పలువురు దానిని పనికి తీసికొనిపోయిరి. కొందరు జ్వరములోనే కట్టిరి. అట్టి గుఱ్ఱములు వీథులలో కూలిపోయినవి. కొన్నింటికి ఊపిరితిత్తుల వాపు వచ్చెను. కొన్నింటికి కోలుకొన్నట్లు కనబడిన తరువాత కాళ్ళు, పొట్ట వాచి ప్రాణము పోయెను. కార్నెల్ విశ్వవిద్యాలయమున పశువైద్య శాస్త్రము బోధించుచుండిన జేమ్స్ లా ఈ వ్యాధిని గూర్చి ప్రభుత్వ వ్యవసాయ శాఖకు వివరమైన నివేదిక వ్రాసెను. రక్తము తీయుట, తీవ్రమైన భేదిమందు లిచ్చుట వంటి పాత చికిత్సలు గుఱ్ఱమును మరింత నీరసపరచునని ఆనాటి మంచి వైద్యులు ఎరుగుదురు. విశ్రాంతి, వెచ్చని కప్పడము, గాలి ఆడు సాల, తవుడుతో చేసిన మెత్తని జావ, ఇవే వారి మందులు. కాని అంగళ్ళలో అమ్మకమునకు వచ్చిన సీసా మందులకు ఉన్న గిరాకి ఈ సలహాకు లేకపోయినది. విశ్రాంతికి ఖరీదు లేదనుకొందుము గాని, బండివానికి అన్నిటికంటె ఖరీదైన మందు అదియే.

న్యూయార్కులో జంతుహింసా నివారణ సంఘమును 1866లో స్థాపించిన హెన్రీ బెర్గ్ వీథులలో నిలిచి, జబ్బు గుఱ్ఱములు లాగుచున్న ట్రాములను ఆపి, వానిని విప్పించెను. ప్రయాణికులు తిట్టిరి, కంపెనీలు మొరపెట్టెను. ఆయన ఉద్దేశము జాలి. ఆ జాలి, అంటువ్యాధుల శాస్త్రము చెప్పబోవు నియమము ఒక్కటే అగుట చిత్రమైన సంగతి.

గుఱ్ఱములు లేని నగరములలో మనుష్యులే బండ్లు లాగిరి. కూలి రేట్లు పెరిగినవి. పల్లెల నుండి ఎద్దులను తెప్పించి వీథులలో తోలిరి. నగరవాసులు వానిని వింతగా చూచిరట. మన పాఠకులకు అందులో వింత ఏమియు ఉండదు. ఎద్దులకు ఈ వ్యాధి సోకలేదు.

బోస్టను నగరమున సంగతి ఇంతకంటె విషమించెను. నవంబరు 9వ తేదీ శనివారము సాయంకాలము 7 గంటలు దాటిన తరువాత సమ్మర్, కింగ్‌స్టన్ వీథుల మూలనున్న ఒక వ్యాపార భవనపు నేలమాళిగలో నిప్పు పుట్టెను. నిప్పార్పు దళపు గుఱ్ఱములు జబ్బుపడియున్నందున, దళాధిపతి జాన్ డామ్‌రెల్ యంత్రములను లాగుటకు మనుష్యులను ముందే నియమించియుండెను. ఆవిరితో నడచు బరువైన పంపులను వారు త్రాళ్ళు కట్టి చేతులతో లాగుకొనుచు పోయిరి. మరునాటికి 65 ఎకరముల మేర, 776 భవనములు బూడిదయ్యెను. గుఱ్ఱముల జబ్బు వలననే బోస్టను తగులబడినదని అప్పటి నుండి చెప్పుకొనుట వాడుక. అది పూర్తిగా నిజము కాదు. విచారణ సంఘము తేల్చినదేమనగా, గుఱ్ఱములు లేనందున కలిగిన ఆలస్యము కొలది నిమిషములే. ప్రమాద సూచన ఆలస్యముగా అందుట, నీటి గొట్టములు సన్ననివగుట, భవనముల పై అంతస్తులు కొయ్యతో కట్టియుండుట, ఇవి అసలు కారణములు. తన గుఱ్ఱములు లేవని ముందుగా తెలిసికొని మనుష్యులను సిద్ధపరచిన డామ్‌రెల్‌కు దక్కవలసిన మెప్పును ఈ వాడుక కథ మరుగుపరచుచున్నది.

వ్యాధి ఎట్లు వ్యాపించెనను విషయమున ఆనాడు పండితులు రెండు పక్షములుగా చీలిరి. రోగము గాలి గుణము మారుట వలన పుట్టుననియు, ఒకదాని నుండి మరియొకదానికి అంటదనియు ఒక పక్షము వాదించెను. క్రిమి సిద్ధాంతము ఇంకను నిలదొక్కుకొనలేదు. గొఱ్ఱెల దొమ్మకు కారణమైన క్రిమిని రాబర్ట్ కోహ్ నిరూపించినది 1876లో. యజమానుల ప్రవర్తనకు ఈ వాదముతో దగ్గరి సంబంధము కలదు. రోగము గాలిలో ఉన్నదని నమ్మినవాడు తన గుఱ్ఱమును వేరుచేయుటకు కారణము కనబడదు. జబ్బు గుఱ్ఱమును ఊరంతయు త్రిప్పినను, పొరుగువాని సాలలో కట్టినను తప్పు చేసినట్లు తోచదు.

న్యూయార్కు వైద్యుడు అడోనిరమ్ జడ్సన్ ఈ చిక్కును సూక్ష్మదర్శిని లేకుండ, తేదీలతో విప్పెను. ఏ ఊరిలో మొదటి గుఱ్ఱము ఏ దినమున దగ్గెనో సమాచారము సేకరించి దేశపటముపై గుర్తించెను. వ్యాధి గాలివాటును అనుసరింపలేదు, రైలు మార్గములను అనుసరించెను. పెద్ద ఊళ్ళకు ముందు, మారుమూలలకు తరువాత చేరెను. ఖండమును దాటు రైలు మార్గము 1869లోనే పూర్తియైనది. మనుష్యుడు వారము దినములలో దాటగల ఆ దూరమును వ్యాధి దాటుటకు ఆరు నెలలు పట్టెను. గాలికి అంత కాలమేల? గుఱ్ఱము నుండి గుఱ్ఱమునకు అందుచు పోవు వ్యాధికే అంత కాలము కావలెను. 1873లో ఆయన ఈ వాదమును అమెరికా ప్రజారోగ్య సంఘము ఎదుట వినిపించెను.

వ్యాధి కారకము మాత్రము చాలకాలము దొరకలేదు. మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజా వైరసు 1933లో పట్టుబడెను. గుఱ్ఱముల వైరసును 1956లో ప్రాగ్ నగరమునను, రెండవ రకమును 1963లో అమెరికాలోని మయామీ నగరమునను వేరుచేసిరి. మన దేశమున ఈ రెండవ రకము 1987లోను, మరల 2008లో జమ్మూ ప్రాంతమున కాట్రా వద్ద యాత్రికులను మోయు కంచరగాడిదలలోను చెలరేగెను. శ్వాసనాళము లోపలి పొరపై శైలికలు అను సన్నని నూగు ఉండును. దుమ్మును, క్రిములను పైకి నెట్టివేయుట దాని పని. వైరసు ఈ నూగును నాశనము చేయును. అది మరల మొలచుటకు మూడు వారములు పట్టును. ఈ లోపల గుఱ్ఱము బలముగా ఊపిరి తీయుచు బరువు లాగినచో దుమ్ము, ఇతర క్రిములు నేరుగా ఊపిరితిత్తులకు చేరును. జ్వరమున్న ఒక్కొక్క దినమునకు ఒక్కొక్క వారము విశ్రాంతి ఇయ్యవలెనని నేటి పశువైద్యులు చెప్పుట ఇందువలననే. 1872లో మేత తినగానే బండికి కట్టిన యజమాని ఏమి చేసెనో ఇప్పుడు తెలియుచున్నది.

దీనికి 135 సంవత్సరముల తరువాత ఆస్ట్రేలియాలో జరిగినది వేరు కథ. ఆ దేశములో ఈ వ్యాధి అంతవరకు ఎన్నడును లేదు. 2007 ఆగస్టులో జపాను నుండి వచ్చిన గుఱ్ఱములను సిడ్నీ సమీపమున నిర్బంధ కేంద్రములో ఉంచిరి. అక్కడి జాగ్రత్తలు చాలినంత లేకపోవుట వలన, బహుశః మనిషి బట్టలనో పనిముట్లనో అంటుకొని, వైరసు బయటపడినదని తరువాత విచారణ జరిపిన న్యాయమూర్తి ఇయన్ కాలినన్ నిర్ణయించెను. మైట్‌లాండ్ అను ఊరిలో జరిగిన గుఱ్ఱపుస్వారి పోటీకి వచ్చిన యజమానులు వ్యాధిని తెలియకయే తమ తమ ఊళ్ళకు తీసికొనిపోయిరి. ఆగస్టు 24న అది నగర మధ్యమునగల సెంటెన్నియల్ పార్కు సాలలలో బయటపడెను. వెనువెంటనే దేశమంతట గుఱ్ఱములను ఉన్నచోట నుండి కదలింపరాదని ఆజ్ఞ వెలువడెను.

ఈ ఆజ్ఞను అమలు జరుపుటకు పోలీసులు చాలరు. లక్షలాది గుఱ్ఱములు దేశమంతట చెదరియున్నవి. దానిని నిలిపినవారు యజమానులే. క్వీన్స్‌లండ్ రాష్ట్రమున వార్విక్ అను ఊరికి పోటీలకు వచ్చినవారు గుఱ్ఱములతోబాటు అక్కడనే చిక్కుకొని, వారములకొలది గుడారములలో, వాహనములలో కాపురముండిరి. ఇండ్ల వద్దనున్నవారు ఒక గుఱ్ఱమునుండి మరియొకదాని వద్దకు పోవునప్పుడు చేతులు కడుగుకొని, బట్టలు, బూట్లు మార్చుకొనిరి. దినమునకు రెండుమారులు జ్వరము చూచి వ్రాసికొనువారు కొందరు. సిడ్నీలోని వసంతకాలపు పందెములు రద్దయినవి. స్వారి నేర్పువారు, నాడములు కొట్టువారు, సాలలలో కూలికి ఉండువారు పని కోల్పోయిరి. 1872 నాటి బండివానికి లేని సదుపాయ మొకటి వీరికి ఉండెను: జీవనము పోయినవారికి ప్రభుత్వము కొంత ధనసహాయము చేసెను. అది లేక వట్టి ఆజ్ఞ ఎంతకాలము నిలిచియుండెడిదో చెప్పుట కష్టము.

రమారమి 70,000 గుఱ్ఱములకు వ్యాధి సోకినను న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లండ్ రాష్ట్రములను దాటిపోలేదు. ప్రక్కనేయున్న విక్టోరియాలో మెల్బోర్న్ పందెము ఆ నవంబరులో యథావిధిగా జరిగెను. వ్యాధి చుట్టును వలయముగా టీకాలు వేసిరి. ఈ టీకా ప్రత్యేకముగా తయారైనది. టీకా వలన ప్రతిరక్షకములు కలిగిన గుఱ్ఱమును, వ్యాధి వలన కలిగిన గుఱ్ఱమును రక్తపరీక్షలో వేరువేరుగా గుర్తింపవచ్చును. కావున టీకా వేసిన ప్రతి గుఱ్ఱమునకు మెడ చర్మము క్రింద బియ్యపుగింజంత గుర్తుబిళ్ళను అమర్చి, దాని సంఖ్యను పుస్తకములకెక్కించిరి. చివరి వ్యాధిగ్రస్తమైన గుఱ్ఱము కనబడినది ఆ డిసెంబరు నెలలో. మరి ఆరు నెలలు పరీక్షలు జరిపి, 2008 మధ్యభాగమున దేశము వ్యాధిరహితమైనదని ప్రకటించిరి.